పారిస్ మహిళల సేబర్: ఖార్లాన్ 5-11 నుంచి 15-14... రెండు లైట్లూ వెలిగితే పాయింట్ ఎవరిది?

కోనసీమ కుర్రాడు | 30 జులై 2024, ఉదయం 7:40

నిన్న షూటింగ్‌లో అర్జున్ బబుతా నాలుగో స్థానంలో ఆగిపోయాక మనసేం బాలేదు. రాత్రి జియోసినిమాలో అటూ ఇటూ తిప్పుతుంటే ఫెన్సింగ్ తగిలింది. గ్రాండ్ పలే అట, 1900 ఎగ్జిబిషన్ కోసం కట్టిన భవనం. గాజు పైకప్పు, పెద్ద మెట్లు, ఆ మెట్ల మీంచి దిగొస్తున్న కత్తులవాళ్ళు. పెళ్ళికూతురిని మండపానికి తెచ్చినా అంత హడావుడి ఉండదు.

మహిళల సేబర్ కాంస్యం బౌట్. ఉక్రెయిన్ ఓల్గా ఖార్లాన్, కొరియా చోయ్ సెబిన్. ఖార్లాన్ 5-11 వెనకబడి ఉంది. ఇక అయిపోయిందిలే, పడుకుందాం అనుకున్నా. పడుకోలేదు. 15-14తో గెలిచేసింది! ఆ చివరి పాయింట్ పడగానే మోకాళ్ళ మీద కూలబడింది చూడండి, నాకు ఉక్రెయిన్‌తో ఏ చుట్టరికమూ లేదు, అయినా కళ్ళు తడిశాయి.

ఇప్పుడు అసలు సందేహం. కత్తి తగిలితే వెలిగే ఎరుపు, ఆకుపచ్చ లైట్లు సగం సార్లు రెండూ ఒకేసారి వెలిగాయి. ఇద్దరూ ముసుగు లాగేసి గెలిచినట్టే అరిచారు. రెఫరీ చెయ్యి ఒక వైపు చాపి పాయింట్ ఒకరికే ఇచ్చాడు. కొన్నిసార్లు ఎవరికీ ఇవ్వలేదు. ఏ లెక్కన? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

---

రాత్రిబడి | ఉదయం 8:05

నేనూ చూశాను. ఫైనల్లో ఇద్దరూ ఫ్రాన్స్ వాళ్ళే. మనోన్ అపితీ-బ్రూనే 15-12తో సారా బాల్జేని కొట్టింది. రూల్స్ నాకూ తెలీదు, జనం అరుపుల్ని బట్టి చప్పట్లు కొట్టా.

---

పిస్ట్ పక్కన | ఉదయం 9:30

కాలేజీ రోజుల్లో సేబర్ ఆడాను, ఇప్పుడు జిల్లా, రాష్ట్ర పోటీల్లో రెఫరీగా నిలబడుతుంటాను. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలు: ఫాయిల్, ఎపే, సేబర్. ఎపేలో ఒళ్ళంతా టార్గెట్టే, ఇద్దరూ ఒకేసారి తగిలిస్తే ఇద్దరికీ పాయింట్. సేబర్ అలా కాదు. నడుము పైనుంచి తల, చేతులతో సహా కొట్టొచ్చు. మొనతోనే పొడవక్కర్లేదు, అంచుతో నరకొచ్చు. కత్తి బరువు అర కిలో దాటకూడదు. లోహపు దారాలు నేసిన జాకెట్, తీగ కలిపిన మాస్క్ వేసుకుంటారు కాబట్టి కత్తి ఏ మూల తగిలినా మెషీన్ పట్టేస్తుంది.

మొదటి దెబ్బ పడ్డాక 170 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఆరో వంతు లోపల ఎదుటివాడి దెబ్బ కూడా పడితే రెండు లైట్లూ వెలుగుతాయి. అందుకే మీకు అన్నిసార్లు రెండూ కనిపించాయి. అప్పుడు ఎవరి కత్తి ముందు తగిలిందన్నది రెఫరీ చూడడు. దాడి ఎవరిది అన్నదే చూస్తాడు.

ఇద్దరూ మొదట నిలబడే గీతల మధ్య దూరం 4 మీటర్లు. రెఫరీ 'అలే' (కానివ్వండి) అనగానే ఇద్దరూ ముందుకొస్తారు. ఎవరు ముందుగా చెయ్యి చాపుతూ టార్గెట్ మీదికి వచ్చారో దాడి వాళ్ళది. రెండోవాళ్ళు మధ్యలో కత్తి పెట్టి తగిలించినా చెల్లదు, ఎందుకంటే ముందు ఆ దాడిని ఆపాలి. ఆపడానికి ముఖ్యమైన దారులు రెండు. కత్తితో అడ్డుకుని తిరిగి కొట్టడం ఒకటి, అడుగు వెనక్కేసి దాడి గాల్లో పోయేలా చెయ్యడం ఇంకోటి. అడ్డుకున్నారా, ఆ క్షణం నుంచీ హక్కు చేతులు మారుతుంది. ఇద్దరూ అచ్చంగా ఒకేసారి మొదలుపెడితే ఎవరికీ లేదు, మళ్ళీ గీతల దగ్గరికి. మీరు చూసిన 'ఎవరికీ ఇవ్వలేదు' అదే.

రెఫరీ చేతుల్ని గమనించండి. ముందు ఒక చెయ్యి దాడి చేసినవాళ్ళ వైపు చాపుతాడు, అడ్డుకుంటే సైగ మారుస్తాడు, చివర్న పాయింట్ వచ్చినవాళ్ళ వైపు చెయ్యెత్తుతాడు. జరిగిన కథంతా వరసగా చేతులతో చెప్పేస్తాడన్నమాట. ఆ వరస పట్టుకున్నారంటే వారం రోజుల్లో మీరే ఇంట్లో కూర్చుని తీర్పులిచ్చేస్తారు.

ఇక ఆ అరుపులు. అది సంతోషం కాదండీ, సగం వ్యాపారం. తగలగానే రెఫరీ వైపు తిరిగి 'నాదే' అన్నట్టు అరవడం సేబర్‌లో చిన్నప్పటి నుంచీ వచ్చేస్తుంది. మంచి రెఫరీ అప్పుడు మొహాలు చూడడు.

---

ఓరుగల్లు శీను | ఉదయం 10:12

అన్నా, గదంతా మంచిగనే చెప్పినవ్ గానీ, ఆఖరికి రెఫరీ ఏమంటే గదే కదా? మెషీన్ ఉన్నది, తీగలున్నయ్, జాకెట్ల కరెంటు పోతది, గింత ఖర్చు పెట్టినంక కూడా పాయింట్ మనిషి నోట్లకెల్లే రావాలె. గిదేం న్యాయం? పరుగు పందెంల ఎవరు ముందొస్తే వాళ్ళు గెలుస్తరు. ఖతం.

---

పిస్ట్ పక్కన | ఉదయం 10:40

శీనూ, వీడియో అప్పీల్ ఉంది. ఫెన్సర్ చేత్తో టీవీ ఆకారం గీసి అడగొచ్చు. రెఫరీ స్క్రీన్ దగ్గరికెళ్ళి, వీడియో దగ్గర కూర్చున్న ఇంకో రెఫరీతో కలిసి స్లోమోషన్‌లో చూస్తాడు. అప్పీల్ నిజమైతే అది అలాగే మిగులుతుంది, కాకపోతే పోతుంది. నిన్న కూడా కొన్ని తీర్పులు తిరగబడ్డాయి.

---

ఓరుగల్లు శీను | ఉదయం 10:51

తీర్పు చెప్పినోడే మల్ల స్క్రీన్ కాడికి పోయి 'నేను చెప్పింది కరెక్టేనా' అని సూసుకునుడు. బాగున్నది.

---

ప్లేనో పిన్ని | ఉదయం 11:20

శీను గారి మాట కొట్టిపారేసేది కాదు. మా అమ్మాయి ఇక్కడ టెక్సాస్‌లో నాలుగేళ్ళుగా సేబరే ఆడుతోంది. ఈ ఏడాది మొదట్లో ఇక్కడి సమాఖ్య ఇద్దరు సేబర్ రెఫరీలను సస్పెండ్ చేసింది, బౌట్ నడుస్తుండగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారని. అది బయటపడ్డాక తల్లిదండ్రులందరం నెలల తరబడి అదే మాట. ఏ పోటీకి వెళ్ళినా 'ఇవాళ రెఫరీ ఎవరు' అన్నదే మొదటి ప్రశ్న.

అయినా ఎందుకు ఆడిస్తున్నానంటారా? ఫాయిల్, ఎపే చూస్తుంటే నాకు ఆవలింతలొస్తాయి. సేబర్ అయితే కాఫీ కప్పు కింద పెట్టేలోపు రెండు పాయింట్లు అయిపోతాయి.

ఇంకో సంగతి. ఈజిప్టు నదా హాఫెజ్‌ని గమనించారా? మొదటి బౌట్‌లో అమెరికా అమ్మాయి ఎలిజబెత్ టార్టకోవ్‌స్కీని 15-13తో ఓడించింది. తర్వాత కొరియా జియోన్ హాయంగ్ చేతిలో 7-15తో ఓడింది. పోటీ అయ్యాక ఇన్‌స్టాలో చెప్పింది, తాను ఏడు నెలల గర్భిణినని. వృత్తికి డాక్టరు, ఇది మూడో ఒలింపిక్స్. ఆ జాకెట్, దాని లోపల ఛాతీ కవచం, పైన లోహపు జాకెట్. చలికాలంలోనే మా అమ్మాయి అవి విప్పేసరికి చెమటతో ముద్దైపోతుంది. ఏడో నెలలో, జులైలో, గాజు కప్పు కింద! మా ఇంట్లో నేను ఏడో నెలలో గిన్నెలు తోమితే అత్తగారు కేకలేసేవారు.

---

సామర్లకోట జంక్షన్ | మధ్యాహ్నం 1:15

అందరూ ఫ్రాన్స్, ఉక్రెయిన్ అంటున్నారు గానీ మనవాళ్ళ ముచ్చట ఎవరూ ఎత్తరేం?

ఆ స్వర్ణం గెలిచిన అపితీ-బ్రూనే ఎవరో గుర్తుపట్టారా? పెళ్ళికి ముందు వట్టి మనోన్ బ్రూనే. టోక్యోలో మన భవానీ దేవిని ఓడించింది ఈవిడే. 2021 జులై 26. ఒలింపిక్స్‌లో ఇండియా తరఫున కత్తి పట్టిన మొదటి మనిషి భవాని. తొలి బౌట్‌లో ట్యునీషియా నాడియా బెన్ అజీజీని 15-3తో ఊది పారేసింది. రెండో బౌట్‌లో బ్రూనే 15-7తో గెలిచింది, ఆనక కాంస్యం కూడా పట్టుకెళ్ళింది. మూడేళ్ళకి సొంతగడ్డ మీద స్వర్ణం.

భవాని చెన్నైలో పుట్టి పెరిగింది గానీ ఇంటిపేరు చదలవాడ. తండ్రి పురోహితుడు, ఆయనది మా సామర్లకోటే. అందుకని మా ఊళ్ళో టోక్యో అప్పుడు టీవీల ముందు జనం బాగానే కూడారు. ఆటలో ఏం జరుగుతోందో ఒక్కరికీ తెలీదు, లైటు వెలిగితే చాలు 'మనదే మనదే' అని గోల.

---

రాత్రిబడి | మధ్యాహ్నం 1:32

మరి పారిస్‌లో ఎందుకు లేదు?

---

సామర్లకోట జంక్షన్ | మధ్యాహ్నం 2:04

అర్హత దక్కలేదు. కానీ ఫామ్ లేక కాదు. 2023 జూన్‌లో చైనా వూషీలో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. క్వార్టర్స్‌లో జపాన్ మిసాకి ఎమురాను 15-10తో ఓడించింది మన పిల్ల. ఎమురా అప్పటికి ప్రపంచ ఛాంపియన్! సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్ జైనాబ్ దైబెకోవా చేతిలో 14-15. ఒక్క టచ్. అయినా కాంస్యం వచ్చింది, ఆ పోటీల్లో ఇండియాకి అదే మొదటి పతకం. అదే ఏడాది సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పూల్ (తొలి దశ గ్రూపు) బౌట్లన్నీ గెలిచి, క్వార్టర్స్‌లో చైనా షావో యాకీ దగ్గర ఆగిపోయింది. షావో ఫైనల్ దాకా వెళ్ళి కొరియా యూన్ జిసు చేతిలో ఓడింది.

---

పిస్ట్ పక్కన | మధ్యాహ్నం 2:45

జంక్షన్ గారూ, అసలు చిక్కు జట్టు. ఒలింపిక్స్ సేబర్‌లో టీమ్‌గా అర్హత పొందిన దేశం నుంచి ముగ్గురు వ్యక్తిగతంలోనూ దిగుతారు. చోటు ఎక్కువ భాగం అలాగే నిండిపోతుంది. టీమ్ లేని దేశం అమ్మాయికి మిగిలేవి ర్యాంకింగ్ చోట్లు కొన్ని, జోనల్ పోటీ నుంచి ఒకటి. ఒంటరిగా ప్రపంచమంతా తిరిగి ర్యాంకింగ్ పాయింట్లు పోగెయ్యాలి. కొరియా అమ్మాయికి రోజూ ప్రాక్టీసులో ఎదురుగా ఇంకో కొరియా అమ్మాయి ఉంటుంది, ప్రపంచ స్థాయిది. భవాని అందుకే ఇటలీ లివోర్నో వెళ్ళి కోచ్ నికోలా జనోట్టి దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోయింది.

చిన్నప్పుడు వెదురు కర్రలతో ప్రాక్టీసు చేశారని ఆవిడే చెప్పింది. ఎలక్ట్రిక్ కత్తులు పోటీలకి దాచుకునేవారట. నాకది కొత్త కాదు. మేమూ విరిగిన బ్లేడు పడెయ్యకుండా పిడి ఊడదీసి దాచేవాళ్ళం. తీగ తెగితే సైకిల్ షాపువాడి దగ్గర టంకం పెట్టించుకునేవాళ్ళం. లోహపు జాకెట్ చెమటకి పాడై ఎక్కడో ఒక చోట కరెంటు ఆగిపోతుంది. అప్పుడు ఎదుటివాడు అక్కడ కొట్టినా లైటు వెలగదు. పోటీకి ముందు మీటరు పెట్టి చూసేది అందుకే. అలాంటి చచ్చిన చోటు ఉన్న జాకెట్ కోసం మా హాస్టల్లో పోటీ పడేవాళ్ళమంటే నమ్ముతారా?

---

ఓరుగల్లు శీను | మధ్యాహ్నం 3:10

నమ్ముతా. గందుకే అంటున్న, గీ ఆటల న్యాయం తక్కువని. 😄

సరే గానీ, 5-11 సంగతి చెప్పు అన్నా. ఆరు పాయింట్లు ఎన్క ఉన్నోళ్ళు ఎట్ల గెలుస్తరు? కొరియా పిల్ల టైంపాస్ చేస్తే సరిపోతుండె కదా?

---

పిస్ట్ పక్కన | మధ్యాహ్నం 3:48

మంచి ప్రశ్న. టైంపాస్ చెయ్యలేదు. ఫాయిల్, ఎపేలకి మూడేసి నిమిషాల పీరియడ్లు ఉంటాయి, ఆధిక్యంలో ఉన్నవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ గడియారం చూసుకోవచ్చు. సేబర్ ఎలిమినేషన్ బౌట్‌కి గడియారం పని లేదు. ఎవరో ఒకరు 8కి చేరగానే ఒక నిమిషం విరామం, అంతే. మిగతాదంతా 15 కొట్టేదాకా. అంటే 11-5 మీద ఉన్న చోయ్ ఇంకా నాలుగు పాయింట్లు తన చేత్తో కొట్టి తీరాలి. దాక్కోవడానికి చోటు లేదు.

పిస్ట్, అంటే మేం ఆడే పట్టీ, కూడా చిన్నదే, పొడవు 14 మీటర్లు. చివరి గీత రెండు కాళ్ళతో దాటితే పాయింట్ పోతుంది. పైగా సేబర్‌లో ముందుకి పరిగెత్తినట్టు వెనక కాలు ముందు కాలిని దాటించకూడదు. కాబట్టి ప్రతి పాయింట్ ఒకటి రెండు సెకన్లలో తేలిపోతుంది. మొదటి అడుగులో ఎదుటిమనిషి ఏం చేస్తుందో పసిగట్టడమే ఆట. దాడి చేస్తుందా, నకిలీ అడుగేసి ఆగి నా దాడిని గాల్లో కలిపేస్తుందా? ఒకసారి ఆ గుట్టు దొరికిందంటే నాలుగు పాయింట్లు నిమిషంలో వచ్చేస్తాయి. గుట్టు పోగొట్టుకున్నవాళ్ళకి ఊపిరి తీసుకోవడానికి కూడా వ్యవధి ఉండదు, కోచ్‌ని అడగడానికి విరామం అయిపోయింది.

ఖార్లాన్‌కి 33 ఏళ్ళు. 2008 బీజింగ్‌లో 17 ఏళ్ళకే టీమ్ స్వర్ణం, చైనాతో ఫైనల్ 45-44. లండన్‌లో కాంస్యం, రియోలో మళ్ళీ కాంస్యం, టీమ్ రజతం. టోక్యోలో మొదటి బౌట్‌లోనే ఇంటికి. ఇన్ని చూసిన మనిషికి 5-11 కొత్త కాదు. నిన్న సెమీస్‌లో బాల్జే చేతిలో 7-15తో చితికిపోయి వచ్చి కూడా ఈ బౌట్ ఆడింది, నాకు అదే ఎక్కువ ఆశ్చర్యం.

---

కోనసీమ కుర్రాడు | సాయంత్రం 6:20

ధన్యవాదాలు అన్నా, రీప్లే మళ్ళీ పెట్టుకుని చేతులు చూస్తూ కూర్చున్నా. పదిలో ఆరు తీర్పులు ముందే చెప్పగలిగా.

ఈ ఖార్లాన్‌నే కదా నిరుడు డిస్‌క్వాలిఫై చేసింది? చెయ్యి కలపలేదని?

---

రాత్రిబడి | సాయంత్రం 6:41

అవును, 2023 జులై, మిలాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. రష్యా అమ్మాయి అన్నా స్మిర్నోవా తటస్థ జెండా కింద ఆడింది. ఖార్లాన్ 15-7తో గెలిచింది. చెయ్యి కలపకుండా కత్తి చాపింది, కత్తులు తగిలించుకుందాం అన్నట్టు. స్మిర్నోవా ఒప్పుకోలేదు, పిస్ట్ మీద కుర్చీ వేయించుకుని ముప్పావు గంట దాకా కదల్లేదు. ఖార్లాన్‌కి బ్లాక్ కార్డ్. గెలిచినావిడ బయటికి!

---

ఓరుగల్లు శీను | సాయంత్రం 6:55

రూలంటే రూలే కదా. ముందే రాసున్నది. ఆడనంటే ఆడకుండ ఉండాలె, ఆడినంక చెయ్యి కలపాలె.

---

ప్లేనో పిన్ని | సాయంత్రం 7:02

ఖార్లాన్ పుట్టింది మైకొలాయివ్‌లో. ఆ ఊరి మీద ఎన్ని క్షిపణులు పడ్డాయో చదివారా శీను గారూ? మా అమ్మాయికి కత్తి పట్టిన మొదటి రోజే నేర్పించారు, సెల్యూట్, తర్వాత చేతులు కలపడం. దాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ ఊరు కాలుతున్నప్పుడు కత్తి చాచి పలకరించడమే చాలా పెద్ద మర్యాద అనుకుంటా.

---

ఓరుగల్లు శీను | సాయంత్రం 7:09

గా అన్నా స్మిర్నోవా క్షిపణి ఏసిందా పిన్నీ?

---

మోడరేటర్ | సాయంత్రం 7:30

యుద్ధం మీద వాదనలకి వేరే విభాగం ఉంది. ఇక్కడ ఫెన్సింగ్ వరకే.

---

పిస్ట్ పక్కన | సాయంత్రం 8:15

ఫెన్సింగ్ వరకే చెప్తాను. ఆ తర్వాత ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు థామస్ బాక్ ఆవిడకి ఉత్తరం రాశాడు, అర్హత పాయింట్లు చాలకపోయినా పారిస్‌లో చోటు ఇస్తామని. బాక్ కూడా ఒకప్పటి ఫెన్సరే, 1976 మాంట్రియల్‌లో పశ్చిమ జర్మనీకి ఫాయిల్ టీమ్ స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. సస్పెన్షన్ ఎత్తేశారు, కత్తి తగిలించి పలకరించడానికీ ఒప్పుకున్నారు. ఇన్నాళ్ళుగా ఉన్న రూలు ఒక్క బౌట్‌తో సడలింది.

శీను అన్నదాంట్లో ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు పిస్ట్ పక్కనున్న రెఫరీ స్థానంలో నేనున్నా బ్లాక్ కార్డే తియ్యాల్సి వచ్చేది. రాత్రికి నిద్ర మాత్రం పట్టేది కాదు.

నిన్నటి పతకాన్ని ఆవిడ, రష్యా దాడుల్లో చనిపోయి పారిస్ రాలేకపోయిన తమ దేశ క్రీడాకారులకి అంకితమిచ్చింది. పారిస్‌లో ఉక్రెయిన్‌కి అదే మొదటి పతకం.

---

కోనసీమ కుర్రాడు | 4 ఆగస్టు 2024, ఉదయం 6:55

ఈ దారాన్ని మళ్ళీ పైకి లాగుతున్నా. నిన్న రాత్రి టీమ్ ఫైనల్ చూసినవాళ్ళు చేతులెత్తండి!!! ఉక్రెయిన్ 45, కొరియా 42. చివరి అంచెకి ఖార్లాన్ దిగేసరికి 37-40!

---

రాత్రిబడి | ఉదయం 7:10

చెయ్యెత్తా. ఆఫీసుకి సెలవు పెట్టా కూడా.

---

పిస్ట్ పక్కన | ఉదయం 8:00

చూడనివాళ్ళకి: టీమ్‌లో ముగ్గురు, అటు ముగ్గురితో ఒక్కొక్కరూ తలపడతారు, మొత్తం తొమ్మిది అంచెలు. మొదటి అంచె ఎవరో ఒకరు 5 కొట్టేదాకా, రెండోది 10 దాకా, అలా 45. కిటుకు ఎక్కడంటే, వెనకబడ్డ జట్టు ఫెన్సర్ ఒక్క అంచెలో ఐదే కొట్టాలని లేదు, ఎన్నైనా కొట్టొచ్చు. జియోన్ హాయంగ్‌కి ఐదు చాలు, ఖార్లాన్‌కి ఎనిమిది కావాలి. ఖార్లాన్ ఎనిమిది కొట్టింది, రెండే ఇచ్చింది. 2008లో మొదటి టీమ్ స్వర్ణం, పదహారేళ్ళకి రెండోది. మొత్తం ఆరు ఒలింపిక్ పతకాలు.

సెమీస్‌లో జపాన్‌ని 45-32తో తోసేశారు. ఆ జపానే ఫ్రాన్స్‌ని 45-40తో ఓడించి కాంస్యం పట్టుకుపోయింది, వ్యక్తిగతంలో మొదటి రెండు స్థానాలూ తీసుకున్న ఫ్రాన్స్‌ని, వాళ్ళ ఇంట్లోనే.

---

ఓరుగల్లు శీను | ఉదయం 8:34

నేను గూడ సూసిన. ఆఖరి ఎనిమిదిల రెండు మూడు కాడ ఒక్క లైటే ఎలిగింది, గవాటికి రెఫరీతోని పని లేదు, గవి ఒప్పుకుంటున్న. 😄 మిగిలినవి నాకింకా డౌటే. అయినా కొరియా పిల్లలు గొడవ చెయ్యలే, మనమెందుకు చేసుడు.

---

సామర్లకోట జంక్షన్ | ఉదయం 9:20

పిస్ట్ పక్కన గారూ, ఒక సాయం. మా అన్నయ్య కూతురికి పదేళ్ళు. వారం రోజులుగా చీపురుపుల్ల పట్టుకుని తమ్ముడిని తరుముతోంది. కాకినాడలో నేర్పించేవాళ్ళున్నారట. ఏ ఆయుధంతో మొదలుపెట్టమంటారు? ఖర్చు భరించగలమా?

---

పిస్ట్ పక్కన | ఉదయం 10:05

ఏ ఆయుధమన్నది అక్కడి కోచ్ ఏది బాగా చెప్తాడో దాన్ని బట్టి పొండి. కోచ్ ఎపేవాడైతే సేబర్ పట్టించి లాభం లేదు. మొదటి కొన్ని నెలలు అడుగులే, ముందుకీ వెనక్కీ. పిల్లలు విసుగెత్తి మానేసేది అక్కడే, ఆ దశ దాటేవరకు ఏదీ కొనకండి, సెంటర్ సామాన్లు వాడనివ్వండి.

---

ప్లేనో పిన్ని | ఉదయం 10:30

గ్లవ్ ఒక్కటి మాత్రం సొంతది కొనండి. నలుగురి చెమట పట్టిన గ్లవ్‌లో చెయ్యి పెట్టమంటే ఏ పిల్లా రెండో రోజు రాదు. మాస్క్ కూడా తర్వాత సొంతదే మంచిది, సైజు వదులైతే దెబ్బ తగిలినప్పుడు తిరిగిపోతుంది. కత్తి పట్టే చేతికే గ్లవ్ ఉంటుంది, కాబట్టి ఏ చెయ్యో ముందే చెప్పి కొనాలి. పాపది ఏ చేతివాటం?

---

సామర్లకోట జంక్షన్ | ఉదయం 10:44

ఎడమ చెయ్యండీ. అన్నం తినేటప్పుడు మా వదిన ఇంకా తిడుతూనే ఉంటుంది.

---

పిస్ట్ పక్కన | ఉదయం 10:52

ఎడమచేతివాటమా? మీ వదినగారిని ఇవాళ్టి నుంచి తిట్టడం మానెయ్యమనండి. కుడిచేతివాళ్ళతోనే ఆడి ఆడి అలవాటైనవాళ్ళకి ఎడమచేతి ఫెన్సర్ ఎదురైతే కోణాలన్నీ తారుమారు. రేపే తీసుకెళ్ళండి, మీరు వద్దన్నా కోచ్ వదలడు.